పితృదోషం పోయె, జన్యుదోషం వచ్చె!

పోయిన ఫిబ్రవరిలో ఇక్కడ సూరత్‌లో మనవాళ్ళ పెళ్ళి సంబంధం ఒకటి చెడిపోయింది. కట్నం దగ్గర కాదు, జాతకం దగ్గరా కాదు. తలనొప్పి దగ్గర! నవ్వకండి. పెళ్ళికొడుక్కి తలనొప్పి లేదు. వాళ్ళన్నకి ఉంది. చనిపోయిన వాళ్ళ నాన్నకి ఉండేదట. "ఆ ఇంట్లో మగవాళ్ళకి తలలో ఏదో ఉంది, అర్ధరాత్రి లేచి గోడకేసి తల బాదుకుంటారు" అని ఎవరో పుణ్యాత్ముడు ఆడపిల్లవాళ్ళ చెవిన వేశాడు. మాటలన్నీ అయిపోయి ముహూర్తం దాకా వచ్చిన సంబంధం అక్కడే ఆగిపోయింది.

మన దేశంలో ఇంతకన్నా చిన్న కారణాలకే సంబంధాలు చెడతాయి కాబట్టి నేనేమీ ఆశ్చర్యపోలేదు. ఆ తర్వాతి ఆదివారం మా హేతువాద మిత్రులు కలిసినప్పుడు ఈ సంగతి చెప్పాను. అక్కడ ఒక మిత్రుడు, సైన్సు చదువుకున్నవాడు, పాతికేళ్ళుగా బాబాల బండారం బయటపెడుతున్నవాడు, టీ తాగుతూ తాపీగా ఇలా అన్నాడు: "వాళ్ళు చెప్పిన కారణం మూఢనమ్మకమే కావచ్చు గానీ చేసిన పని మాత్రం సైంటిఫిక్కే. అది జెనెటిక్. తండ్రికి ఉంది, కొడుక్కి వచ్చింది. ఇంకేం రుజువు కావాలి?" చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు.

ఆ తలలూపుడు చూశాక నాకూ తలనొప్పి వచ్చింది. (మామూలుదే లెండి.) ఈ వ్యాసం ఆడపిల్లవాళ్ళ మీద కాదు. ఆ నాలుగు తలల మీద.

ముందు మనిషి గురించి చెప్పాలి. సూరత్ అనగానే మనవాళ్ళకి చీరలు, వజ్రాలు గుర్తొస్తాయి. తెలంగాణ చేనేత పల్లెలకి మాత్రం సూరత్ అంటే సాంచెలు, అంటే మరమగ్గాలు. చేతిమగ్గం మీద పొట్ట గడవక వరంగల్, కరీంనగర్, నల్లగొండ పల్లెల పద్మశాలీలు షోలాపూర్, భివండి, సూరత్ దారి పట్టి తరాలు గడిచాయి. ఇక్కడి నగరపాలిక తెలుగు మీడియం బడులు పెట్టాల్సి వచ్చిందంటే మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఊహించుకోండి. నేను చెప్పే మనిషిది లింబాయత్. వాళ్ళ నాన్న వరంగల్ వైపు నుంచి వచ్చి సాంచెల మీదే బతికి, సాంచెల మీదే ముసలివాడయ్యాడు. ఇతనూ అంతే. పన్నెండు గంటల డ్యూటీ, కొన్నాళ్ళు పగలు, కొన్నాళ్ళు రాత్రి.

ఇప్పుడు అతనికి ముప్ఫై ఆరేళ్ళు. నొప్పి ఇరవై ఆరో ఏట మొదలైంది. ఏడాదికోసారి, చలి తగ్గే రోజుల్లో వస్తుంది. వస్తే రెండు నెలలు ఉంటుంది. నిద్రపట్టిన గంటన్నరకి కుడికన్ను వెనక మొదలవుతుంది. అతని మాటల్లోనే చెప్తాను: "సారూ, కంట్ల ఎర్రగ కాల్చిన సువ్వ వెట్టి తిప్పినట్టుంటది. పండరాదు, కూసోరాదు. పోరగాండ్లు జూసి బెదురుతరని గల్లీలకొచ్చి తిరుగుత." ఆ కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతుంది, రెప్ప వాలిపోతుంది, అటువైపు ముక్కు మూసుకుపోతుంది. గంట, గంటంబావు. తర్వాత ఎవరో స్విచ్చి ఆపినట్టు పోతుంది. మర్నాడు రాత్రి మళ్ళీ అదే వేళకి వస్తుంది.

పదేళ్ళలో అతనికి జరిగిన వైద్యం వినండి. రెండు దవడ పళ్ళు పీకారు, నొప్పి పోలేదు. సైనస్ అని ముక్కుకి ఆపరేషన్ చేశారు, పోలేదు. కళ్ళజోడు పెట్టారు. చెవిలో పసరు పోశారు. ఊళ్ళో పంతులు గారు "మీ నాన్నకీ ఇదే ఉండేది కదా, పితృదోషం" అని తేల్చి శాంతి చేయించారు. ఈ మొత్తానికీ అయిన ఖర్చు అతని ఏడాది సంపాదనకి తక్కువ ఉండదు. చివరికి ఒక న్యూరాలజిస్టు పది నిమిషాలు కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, వేరే కారణమేదీ లేదని స్కాన్ చేయించి చూసుకుని, జబ్బు పేరు చెప్పాడు. క్లస్టర్ తలనొప్పి.

పేరు విన్నాక అతను నన్నడిగిన మొదటి ప్రశ్న మందు గురించి కాదు. "మా బాపుకు గూడ గిదే ఉండె. మరి నా కొడుక్కు గూడ వస్తదా సారూ?"

ఈ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పడం పంతులుకీ చేతకాలేదు, మా మిత్రుడికీ చేతకాలేదు. ఇద్దరూ చెప్పింది ఒకటే జవాబు, "వస్తుంది" అని. ఒకాయన పితృదోషం అన్నాడు, ఇంకొకాయన జన్యుదోషం అన్నాడు. అంతే తేడా.

ఈ జబ్బు కొత్తదేం కాదు. 1745లోనే వాన్ స్వీటెన్ అనే వైద్యుడు, రోజూ ఒకే వేళకి కంటిపైన మొదలై కన్నీళ్ళు తెప్పించే నొప్పి ఒకటి వర్ణించాడు. అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్ బేయర్డ్ హార్టన్ 1939లో దీన్ని వివరంగా రాశాడు కాబట్టి చాలాకాలం హార్టన్ తలనొప్పి అనేవారు. నొప్పులు గుత్తులు గుత్తులుగా వచ్చి మధ్యలో నెలలూ ఏళ్ళూ మాయమవుతాయని 1952లో కుంకుల్ గుర్తించాక 'క్లస్టర్' అన్న మాట వచ్చింది. జనాభాలో సుమారు వెయ్యికి ఒకరికి ఉంటుంది. మైగ్రేన్‌తో పోలిస్తే చాలా తక్కువ, అందుకే డాక్టర్లకి కూడా చప్పున తట్టదు. మైగ్రేన్ వచ్చినవాడు చీకటిగదిలో కదలకుండా పడుకుంటాడు. ఇది వచ్చినవాడు పడుకోలేడు, తిరుగుతాడు, తల బాదుకుంటాడు. ఒక్కో దాడి పావుగంట నుంచి మూడు గంటలు. రోజు విడిచి రోజు ఒకటి నుంచి రోజుకి ఎనిమిది దాకా రావచ్చు.

ఇందులో హేతువాదులకి బాగా ఆసక్తికరమైనది ఆ గడియారం. 1998లో ఆర్నే మే, గోడ్స్‌బీ తదితరులు నొప్పి వస్తున్న సమయంలోనే రోగుల మెదడుని పెట్ స్కాన్ తీసి చూస్తే, హైపోథాలమస్ వెనకభాగం చురుగ్గా కనబడింది. మన నిద్రా మెలకువల లెక్క, రుతువుల లెక్క చూసుకునే గడియారం ఉండేదీ హైపోథాలమస్‌లోనే. అందుకే ఏటా అదే కాలం, రోజూ అదే వేళ. మరి చదువులేని ఇంట్లో రోజూ రాత్రి ఒంటిగంటకి ఠంచనుగా లేచి కన్నెర్రజేసి ఊగిపోయే మనిషిని చూసి ఏమనుకుంటారు? దయ్యం అనుకుంటారు. అది కొందరికి శరదృతువులో వస్తుంది. సరిగ్గా పితృపక్షాల రోజులు! ఇక పితృదోషం కాక మరేమిటి?

విరుగుడు కూడా అలాగే 'పనిచేస్తుంది'. ఆరు నుంచి పన్నెండు వారాలకి ఈ గుత్తి దానంతటదే పోతుంది. మనిషి మొదటి వారంలో దంతవైద్యుడి దగ్గరికి వెళతాడు, నాలుగో వారంలో ముక్కు డాక్టరు దగ్గరికి, ఎనిమిదో వారంలో తాయెత్తు కట్టించుకుంటాడు. తొమ్మిదో వారంలో నొప్పి పోతుంది. తాయెత్తుకి పేరొస్తుంది. వరస మార్చి తాయెత్తు ముందు కట్టి, ఆపరేషన్ చివర్లో చేసివుంటే ఆపరేషన్‌కి పేరొచ్చేది. ఒక్క రాత్రి లెక్క చూసినా అంతే. గంటలో పోయే నొప్పికి గంటసేపు మంత్రం వేస్తే మంత్రానికి తిరుగేముంది? మళ్ళీ ఏడాది తర్వాత వస్తే "శాంతి సరిగ్గా జరగలేదు" అనడానికి వీలు ఉండనే ఉంది.

ఈ సూరత్‌లోనే 1844లో దుర్గారామ్ మెహతాజీ అనే బడిపంతులు మానవధర్మ సభ పెట్టి, దయ్యాలు వదిలిస్తామనేవాళ్ళని మీ శక్తి నలుగురి ముందూ రుజువు చేయండని సవాలు చేశాడు. మన కోవూర్ లక్ష రూపాయల సవాలుకి వందేళ్ళకి పైగా ముందటి మాట ఇది. తర్వాత నర్మద్ వచ్చాడు, వితంతు వివాహాల విషయంలో మఠాధిపతినే వాదానికి పిలిచాడు. ఇలాంటి ఊళ్ళో ఉండి మంత్రగాళ్ళని ఎదిరించడం మాకు గొప్పేం కాదు, అలవాటే. మనవాళ్ళు సైన్సు పేరుతో చెప్పే తప్పుని ఎదిరించడమే కష్టంగా ఉంది.

సరే, జన్యువుల దగ్గరికి వద్దాం. నేను "జన్యువులకీ దీనికీ సంబంధం లేదు" అనడం లేదు. సంబంధం ఉంది. తమాషా ఏమిటంటే, 1990ల దాకా వైద్య పుస్తకాలు ఇది వంశపారంపర్యం కాదనే చెప్పేవి. డెన్మార్క్‌లో మైకేల్ రసెల్, అమెరికాలో కుడ్రో వంటివాళ్ళు రోగుల బంధువుల్ని లెక్కపెట్టాక ఆ మాట మారింది. రోగి తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులకి మిగతా జనం కన్నా 5 నుంచి 18 రెట్లు ఎక్కువగా వస్తుందని తేలింది. రెండో వరస బంధువులకి, అంటే తాత, మేనమామ, పెదనాన్న వంటివారికి, ఒకటి నుంచి మూడు రెట్లు.

"పద్దెనిమిది రెట్లు!" అని మా మిత్రుడు ఇక్కడే ఆగిపోతాడు. ఆయన ఆగిన చోటే మనం లెక్క మొదలుపెట్టాలి. దేనికి పద్దెనిమిది రెట్లు? వెయ్యికి ఒకటికి. అంటే వెయ్యిమందిలో ఐదుగురి నుంచి పద్దెనిమిది మందికి. అన్నిటికన్నా పెద్ద అంకె తీసుకున్నా, క్లస్టర్ తలనొప్పి ఉన్న మనిషి పిల్లలు నూరుమందిలో తొంభై ఎనిమిది మందికి రాదు! రెట్లు చెప్పి అసలు చెప్పకపోవడం లాటరీ టిక్కెట్లమ్మేవాడి పద్ధతి. రెండు టిక్కెట్లు కొంటే గెలిచే అవకాశం రెట్టింపవుతుంది మరి.

ఇవి సగటు లెక్కలని నాకూ తెలుసు. ముగ్గురు నలుగురికి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. కొన్ని కుటుంబాల్లో ఒకే జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి, ఉన్నవాళ్ళలో కొద్దిమందికే జబ్బుగా బయటపడుతూ ఉండవచ్చని రసెల్ బృందమే అంది. కానీ అది కొన్ని కుటుంబాల మాట. అన్ని కుటుంబాల లెక్కలూ కలిపి 2020లో చేసిన ఒక సమీక్షలో, పెద్ద అధ్యయనాలు చూస్తే కుటుంబంలో మరొకరికి ఉన్నట్టు తేలిన రోగులు నూటికి ఆరుగురు, ఆ చుట్టుపక్కల. అధ్యయనాన్ని బట్టి ఈ అంకె సున్నా నుంచి ఇరవై దాటేదాకా మారుతుంది. అంటే రోగుల్లో చాలామంది వాళ్ళ వంశంలో మొట్టమొదటివాళ్ళే.

జన్యువు దొరికిందని ఒకసారి పండగ కూడా చేసుకున్నారు. 2004లో ఇటలీ వాళ్ళు హైపోథాలమస్‌కి సంబంధించిన ఒక గ్రాహకం జన్యువులో (హెచ్‌సీఆర్‌టీఆర్2 అంటారు) ఒక్క అక్షరం తేడా రోగుల్లో ఎక్కువగా ఉందన్నారు. కథ ఎంత చక్కగా అమరిందో చూడండి. హైపోథాలమస్ జబ్బుకి హైపోథాలమస్ జన్యువు! తర్వాత 2015లో నెదర్లాండ్స్‌లో ఇంకా పెద్ద సంఖ్యలో రోగుల్ని తీసుకుని చూస్తే ఆ సంబంధం కనబడలేదు. దాంతో పక్కన పెట్టారు. చక్కగా అమరిన కథని అంకెలు ఒప్పుకోకపోతే వదిలేయడం, ఇదీ సైన్సు అంటే. పితృదోషాన్ని ఏ పంతులైనా ఇలా పక్కన పెట్టగా చూశారా?

2021లో రెండు బృందాలు (ఒకటి బ్రిటన్-స్వీడన్, ఇంకొకటి నెదర్లాండ్స్-నార్వే) ఒక జన్యువుని ముందే ఊహించుకోకుండా మొత్తం జన్యు పుస్తకాన్నే గాలించాయి. నాలుగు చోట్ల తేడాలు దొరికాయి. వాటిలో ఎఫ్‌హెచ్‌ఎల్5 అనే జన్యువు దగ్గరున్న తేడా మైగ్రేన్‌లోనూ కనబడేదే. 2023లో ఇంకా పెద్ద అంతర్జాతీయ లెక్క వచ్చింది. 4,777 మంది రోగులు, 31,575 మంది జబ్బు లేనివాళ్ళు. ఎనిమిది చోట్లు తేలాయి. ఈ తేడాలు ఎవరిలో ఉంటాయి? నాలో ఉండవచ్చు, మీలో ఉండవచ్చు, మా మిత్రుడిలోనూ ఉండవచ్చు. జనంలో మామూలుగా తిరిగే తేడాలివి. ఒక్కొక్కటి జబ్బు అవకాశాన్ని కొద్దిగా పెంచుతుంది. పెద్దవి కూడా ఒకటిన్నర రెట్ల దగ్గరలోనే ఉంటాయి. వెయ్యికి ఒకటి కాస్తా వెయ్యికి ఒకటిన్నర అవుతుంది. దీన్ని పట్టుకుని పెళ్ళి ఆపుతారా?

అందుకే క్లస్టర్ తలనొప్పికి జన్యుపరీక్ష అంటూ ఏదీ లేదు. చెంప లోపల దూదితో తుడిచి పంపితే మీ రోగాలన్నీ చెప్తామనే కంపెనీలు ఇప్పుడు సందుకొకటి ఉన్నాయి. ఎవరైనా ఈ తలనొప్పి మీ పిల్లలకి వస్తుందో రాదో చెప్తామంటే, ఆ కంపెనీకీ చిలక జోస్యానికీ తేడా ఒక్కటే. చిలకకి తక్కువ డబ్బు చాలు. ఇంకో మాట. ఆ 2023 లెక్కలో ఐరోపా సంతతి బృందాలు పది, తూర్పు ఆసియా నుంచి ఒకటి. వరంగల్ పద్మశాలీ నెత్తురు గానీ సూరత్ పటేల్ నెత్తురు గానీ అందులో చూసినవాళ్ళు లేరు.

ఇక 14.5 శాతం సంగతి. అదే అధ్యయనం, మామూలు జన్యు తేడాలు ఈ జబ్బు వచ్చే ధోరణిలో 14.5 శాతం తేడాని వివరిస్తాయని లెక్కగట్టింది. దీన్ని చదివి "అతని తలనొప్పిలో 14.5 శాతం నాన్న ఇచ్చింది" అనుకునేవాళ్ళు ఉంటారు. కాదు. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాల్లో వాటా అది, ఒక మనిషి లోపలి వాటా కాదు. సాంచె మీద నేసిన గజం గుడ్డలో పడుగు వల్ల ఎంత, పేక వల్ల ఎంత అని అడిగితే నేతగాడు నవ్వుతాడు. రెండూ లేకపోతే గుడ్డే లేదు. అరుదైన జన్యు తేడాలు ఈ లెక్కలోకి రావు కాబట్టి అసలు వాటా కాస్త పెరగవచ్చు కూడా. పెరిగినా తలరాత మాత్రం కాదు.

అన్నిటికన్నా నాకు నచ్చిన విషయం ఇది. ఆ జన్యు అధ్యయనమే చివరికి వేలు చూపింది దేనివైపో తెలుసా? పొగవైపు! క్లస్టర్ రోగుల్లో సగానికి పైగా పొగతాగేవాళ్ళేనని డాక్టర్లకి ఎప్పటినుంచో తెలుసు. కానీ పొగ వల్ల నొప్పా, నొప్పి వల్ల పొగా, లేక రెండిటికీ మూడో కారణం ఉందా అన్నది తేలలేదు. పొగ అలవాటు వైపు కొద్దిగా మొగ్గు చూపించే జన్యు తేడాలు కొన్ని ఉన్నాయి. ఎవరికి అవి వస్తాయన్నది పుట్టుకతో వేసే చీటీ లాంటిది, ఎవరి ఇష్టం మీదా ఆధారపడదు. అవి ఎక్కువ ఉన్నవాళ్ళలో ఈ తలనొప్పి కూడా ఎక్కువ ఉందా అని చూశారు. ఉంది. కాబట్టి పొగే కారణాల్లో ఒకటి కావచ్చని ఆ పరిశోధకుల నిర్ణయం.

ఇప్పుడు మళ్ళీ లింబాయత్ ఇంటికి రండి. నాన్న బీడీ తాగేవాడు. కొడుకు పదహారేళ్ళకే మొదలుపెట్టాడు. ఒకే గది, ఒకే పొగ. తండ్రి రాత్రి డ్యూటీ, కొడుకు రాత్రి డ్యూటీ. ఇద్దరి నిద్రా చెడింది. (పేరుకి మద్యనిషేధ రాష్ట్రం కాబట్టి మందు సంగతి రాయకూడదేమో గానీ, గుత్తి నడుస్తున్న రోజుల్లో గుక్కెడు తాగితే గంటలోపే నొప్పి లేస్తుందని డాక్టర్లందరూ చెప్పేదే, అతనూ చెప్పాడు.) తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి జన్యువులొక్కటే అనుకోవడం ఎంత తెలివితక్కువ! గది వస్తుంది, బీడీ కట్ట వస్తుంది, సాంచె వస్తుంది, అప్పు వస్తుంది. ఇందులో మార్చలేనిది జన్యువొక్కటే. మా మిత్రుడు సరిగ్గా దాన్నే పట్టుకుని కూర్చున్నాడు.

బీడీ మానేస్తే నొప్పి పోతుందా అంటే, ఒకసారి మొదలయ్యాక మానేసినా చాలామందికి గుత్తులు వస్తూనే ఉంటాయి. అబద్ధం చెప్పను. కానీ ఎనిమిదేళ్ళ కొడుకున్న గదిలో బీడీ మానడానికి అంతకన్నా పెద్ద కారణాలున్నాయి.

"మేనరికం వల్ల" అని ఇంకొకాయన అందుకున్నాడు. ఆ ఇంట్లో మేనరికాలున్న మాట నిజమే. మేనరికంతో ప్రమాదం పెరిగేది ముఖ్యంగా, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అదే దెబ్బతిన్న జన్యువు వస్తేనే బయటపడే జబ్బుల్లో. ఈ తలనొప్పి మామూలుగా ఆ కోవలోది కాదు. ప్రతి జబ్బుకీ మేనరికం అనేయడం కూడా మనవాళ్ళకి ఒక మంత్రంలా తయారైంది.

మరి కుటుంబ చరిత్ర అడగడం దండగా? కాదు, చాలా అవసరం. అయితే పెళ్ళిళ్ళ పేరయ్య కాదు, డాక్టరు అడగాలి. "మీ ఇంట్లో ఎవరికైనా తలనొప్పి ఉందా?" అని అడిగితే ఎవరింట్లో లేదు? ప్రతి ఇంట్లో నలుగురికి ఉంటుంది. "ఒకే కన్ను దగ్గర, కన్నీరు కారుతూ, రాత్రి లేపి, కూర్చోనివ్వకుండా తిప్పే నొప్పి ఎవరికైనా ఉండేదా?" అని అడగాలి. అలా అడిగివుంటే పదేళ్ళ కిందటే ఆ ముసలాయన గుర్తొచ్చేవాడు, రెండు పళ్ళు మిగిలేవి. ఆయన బతికినంతకాలం దయ్యం పట్టినవాడే. ఆ ఇంటి ఆడవాళ్ళని కూడా అడగాలి. ఇది మగవాళ్ళ జబ్బని ఒక ముద్ర పడిపోయింది. ఒకప్పుడు ఒక స్త్రీకి ఐదారుగురు మగవాళ్ళనేవారు, ఇప్పుడు ముగ్గురు నలుగురే అంటున్నారు. స్త్రీలలో పెరిగిందో, ఇదివరకు మైగ్రేన్ అని రాసిపారేశారో ఆలోచించుకోండి. కుటుంబంలో మరొకరికి ఉన్న రోగుల్లో స్త్రీల వాటా ఇంకా ఎక్కువని ఆ 2020 సమీక్షే చెప్పింది. మా వాడి మేనత్తకి "నెలనెలా వచ్చే ఒంటి తలనొప్పి" ఉందని మాటవరసకి తెలిసింది. అది ఏమిటో ఎవరూ అడగలేదు, పెళ్ళి ఆపినవాళ్ళతో సహా. వంశం అంటే మగవాళ్ళే కదా!

ఇంత గొడవలో వైద్యం మాట అడుగునపడిపోయింది. దాడి వస్తున్నప్పుడు స్వచ్ఛమైన ఆక్సిజన్, నిమిషానికి పన్నెండు లీటర్ల దాకా, బిగుతైన మాస్కుతో పావుగంట పీలిస్తే చాలామందికి తగ్గుతుంది. 2009లో అచ్చయిన పరీక్షలో ఆక్సిజన్ పీల్చినప్పుడు 78 శాతం దాడులు పావుగంటలో తగ్గాయి, ఉత్త గాలి పీల్చినప్పుడు 20 శాతం. ఆ ఇరవైని కూడా గుర్తుపెట్టుకోండి. ఉత్త గాలే ఐదింట ఒకటి తగ్గించినట్టు కనబడితే, విభూతి ఎన్ని తగ్గించినట్టు కనబడాలి? సుమాట్రిప్టాన్ సూది ఉంది. గుత్తి మొదలవగానే వెరాపమిల్ మొదలుపెడితే దాడులు తగ్గుతాయి, కాకపోతే గుండె ఈసీజీ చూస్తూ డాక్టరు చేతిమీదుగా వాడాలి. కొన్నాళ్ళు స్టెరాయిడ్ ఇస్తారు.

2021లో కోవిడ్ రెండో అల వచ్చినప్పుడు ఈ ఊరి పక్కన హజీరా ఉక్కు కర్మాగారం నుంచి ట్యాంకర్లకొద్దీ ఆక్సిజన్ ఆస్పత్రులకి వెళ్ళింది. అలాంటి ఊళ్ళో, ఒక నేతకార్మికుడికి రాత్రి ఒంటిగంటకి పావుగంట ఆక్సిజన్ పదేళ్ళపాటు దొరకలేదు. లేకపోవడం వల్ల కాదు. అతనికి కావలసింది అదని ఎవరూ చెప్పలేదు. పంతులు శాంతి చెప్పాడు. దంతవైద్యుడు పన్ను చెప్పాడు. జెనెటిక్ అని తేల్చినవాడు అసలేమీ చెప్పలేదు. "వంశంలో ఉంది" అన్నాక ఇక చెయ్యడానికేముంటుంది? ఆ మాటలో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. కర్మ అన్నవాడు ఎలా చేతులు దులుపుకుంటాడో జీన్ అన్నవాడూ అలాగే దులుపుకుంటాడు.

మా మిత్రుడికి ఇదంతా చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "అయినా అవకాశం సున్నా కాదుగా" అన్నాడు. కాదు. ఆయనకి నలభై రెండో ఏట సుగర్ వచ్చింది, వాళ్ళ నాన్నకీ ఉండేది. సుగర్ వంశంలో నడిచేంత గట్టిగా, అంత ఎక్కువమందికి ఈ తలనొప్పి నడవదు. ఆయన ఇద్దరు కూతుళ్ళకీ పెళ్ళిళ్ళయ్యాయి. వియ్యంకులకి ఈయన ఏ అంకె చెప్పారని అడిగాను. టీ చల్లారిపోతోందన్నాడు.

ఆడపిల్ల మేనమామ దగ్గరికి కూడా ఒకరోజు కాగితం, పెన్సిలు తీసుకుని వెళ్ళాను. వెయ్యి చుక్కలు పెట్టి పద్దెనిమిది చుట్టూ గీత గీశాను. పెళ్ళికొడుకు వయసు ముప్ఫై ఒకటి, ఈ జబ్బు ఎక్కువగా ఇరవై నలభై మధ్య మొదలవుతుంది కాబట్టి అతను సగం దూరం దాటేశాడని కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "నాకర్థమయింది సారూ, కని ఇంట్ల ఆడోళ్ళకు ఎవలు జెప్పాలె?" అన్నాడు. ఆ సంబంధం మళ్ళీ కలవలేదు. అమ్మాయికి భివండిలో వేరే సంబంధం చూశారు.

అన్నకి ఈ ఏడు గుత్తి మళ్ళీ వచ్చింది. మెట్ల కింద అద్దె సిలిండరు, మాస్కు ఉన్నాయి. సిలిండరున్న చోట బీడీ వెలిగిస్తే ఇల్లు తగలబడుతుందని నేను గట్టిగా చెప్పిన దగ్గర్నుంచి ఇంట్లో బీడీ మానేశాడు. గల్లీలోకి వెళ్ళి తాగుతున్నాడు. కొడుకు నొప్పి వచ్చినప్పుడల్లా లేచి వాల్వు తిప్పడం నేర్చుకున్నాడు. "నీకు గూడ వస్తదా బిడ్డా అని ఎవలన్న అడిగితే ఏమంటవురా?" అని వాళ్ళ నాన్న నా ముందే అడిగాడు. వాడు వేళ్ళు లెక్కపెట్టుకుని, "నూటికి తొంభై ఎనిమిది, రాదు" అన్నాడు.